గంటకీ గంటకీ మధ్య

తెలుగులో ‘గంట’కు రెండర్థాలున్నాయి. బడిలో కొట్టేదీ గంటే, గడియారంలో తిరిగే అరవై నిమిషాలూ గంటే. విశ్వవిద్యాలయాల్లో గంటల లెక్కన పాఠాలు చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీ, పార్ట్‌టైమ్ అధ్యాపకుల బతుకు ఈ రెండర్థాల మధ్య ఇరుక్కుపోయింది. వాళ్లకు డబ్బు వచ్చేది మొదటి గంటకు, అంటే ఒక బెల్లుకూ మరో బెల్లుకూ మధ్య క్లాసులో నిలబడినంతసేపటికి. వాళ్లు ఖర్చుపెట్టేది మాత్రం రెండో గంటల్ని. పాఠానికి సిద్ధం కావడం, నోట్సు రాసుకోవడం, రికార్డులు దిద్దడం, ఇంటర్నల్ పరీక్షల మార్కులు వేయడం, పదింటి క్లాసు అయ్యాక మూడింటి క్లాసు కోసం కారిడార్‌లో కాచుకుని కూర్చోవడం, ఇవన్నీ గడియారంలో ఉంటాయి గానీ బిల్లులో ఉండవు.

శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు జాతీయ రహదారి మీద కాస్త దూరం వస్తే ఎచ్చెర్ల. అక్కడ 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి పీజీ కేంద్రంగా మొదలైన చదువులు 2008 జూన్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయంగా మారాయి. 2016లో మొదలైన శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ కూడా ఇదే మండలంలో ఎస్.ఎం. పురం దగ్గర ఉంది. విజయనగరంలో 2007లో వచ్చిన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల 2022లో గురజాడ పేరుతో పూర్తిస్థాయి విశ్వవిద్యాలయమైంది. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో కొండకరకం దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత పీజీ కేంద్రం భవనాల్లో తరగతులు మొదలుపెట్టింది. రాష్ట్రంలో వెనకబడ్డవన్న పేరు మోసే రెండు జిల్లాలకు ఇరవై ఏళ్ల లోపే ఇన్ని విద్యాసంస్థలు రావడం చిన్న సంగతి కాదు. ఒకప్పుడు పై చదువుకు విశాఖ రైలెక్కక తప్పని పిల్లలు ఇప్పుడు పాలకొండ నుంచో రాజాం నుంచో బస్సెక్కి వెళ్లి, చదువుకుని, సాయంత్రానికి ఇల్లు చేరుకోగలుగుతున్నారు.

బోర్డులు వచ్చినంత వేగంగా పోస్టులు రాలేదు. 2023 అక్టోబరులో రాష్ట్రంలోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి నోటిఫికేషన్లు వెలువడ్డాయి. అందులో ప్రొఫెసర్లు 418, అసోసియేట్ ప్రొఫెసర్లు 801, అసిస్టెంట్ ప్రొఫెసర్లు 2,001. రిజర్వేషన్ల రోస్టర్ మీదా పోస్టుల హేతుబద్ధీకరణ మీదా పేచీలు హైకోర్టుకెక్కాయి, భర్తీ ఆగిపోయింది. ఒక్క రాష్ట్రంలో మూడు వేలకు పైగా కుర్చీలు ఖాళీగా ఉంటే ఆ పాఠాలన్నీ ఇన్నాళ్లూ ఎవరు చెప్పినట్టు? కాంట్రాక్టు వాళ్లు, పార్ట్‌టైమ్ వాళ్లు, గెస్టులు. ఈ వరుసలో అందరికన్నా కింద ఉన్నది గంటల లెక్క వాళ్లు.

ఈ లెక్క ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలంటే ‘వర్క్‌లోడ్’ అన్న మాట దగ్గర ఆగాలి.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పూర్తికాలం అధ్యాపకుడి పని వారానికి నలభై గంటలకు తగ్గకూడదు. ఏడాదిలో ముప్పై వారాలు, అంటే నూట ఎనభై బోధన దినాలు. ఆ నలభైలో నేరుగా పాఠం చెప్పాల్సింది అసిస్టెంట్ ప్రొఫెసరైతే పదహారు గంటలు, అసోసియేట్ ప్రొఫెసరూ ప్రొఫెసరూ అయితే పద్నాలుగు గంటలు. ఏటా విభాగాధిపతి తన టైంటేబుల్ ముందు పెట్టుకుని, ఏ సెమిస్టర్‌లో ఎన్ని పేపర్లు, పేపరుకు వారానికి ఎన్ని పీరియడ్లు, ప్రాక్టికల్స్ ఎన్ని బ్యాచ్‌లు అని కూడి రిజిస్ట్రార్‌కు పంపుతాడు. ఆ మొత్తాన్ని పదహారుతో భాగిస్తే ఎంతమంది కావాలో తేలుతుంది. చూడ్డానికి మూడో తరగతి భాగహారం.

ఒక విభాగాన్ని ఊహించుకుందాం. రెండేళ్ల పీజీ, ఏ సమయంలోనైనా రెండు బ్యాచ్‌లు. బ్యాచ్‌కు ఐదు పేపర్లు, పేపరుకు వారానికి నాలుగు గంటలు. మొత్తం నలభై గంటలు. పదహారుతో భాగిస్తే రెండున్నర. ఇద్దరు మనుషులు సరే, అరమనిషిని ఎక్కడినుంచి తేవాలి? మిగిలిన ఎనిమిది గంటలకు పోస్టు అడిగితే ఆర్థిక శాఖ ఒప్పుకోదు, వదిలేస్తే పిల్లలకు రెండు పేపర్లు చెప్పేవాళ్లుండరు. అలా ఆ ‘శేషం’ గెస్టుకు చేరుతుంది. ఇది ఒక్క విభాగంలో ఒక్క శేషమైతే ఎవరూ తప్పుపట్టరు. మంజూరైన రెండు పోస్టుల్లో ఒకటి పదవీ విరమణతో ఖాళీ అయ్యి, రెండోది ఎన్నడూ నిండనప్పుడు మొత్తం నలభై గంటలూ శేషమే అవుతాయి. అప్పుడు భాగహారం తిరగబడుతుంది. ఇన్ని గంటలకు ఎందరు అధ్యాపకులు కావాలి అన్న ప్రశ్న పోయి, ఈ గంటల్ని ఎందరికి ముక్కలు చేసి పంచితే ఖర్చు తగ్గుతుంది అన్న ప్రశ్న వస్తుంది.

ఆ ముక్కల కొలత యూజీసీ కాగితాల్లోనే ఉంది. 2019 జనవరిలో గెస్ట్ ఫ్యాకల్టీ పారితోషికాన్ని యూజీసీ సవరించింది. అంతకుముందు లెక్చరుకు వెయ్యి రూపాయలు, నెలకు 25 వేలు మించకుండా ఉండేది. దాన్ని లెక్చరుకు 1,500, నెలకు గరిష్ఠంగా 50 వేలు చేశారు. రెట్టింపు చేశారు కదా అనిపిస్తుంది. యాభై వేలను పదిహేను వందలతో భాగించి చూడండి. ముప్పై మూడు. నెలకు ముప్పై మూడు క్లాసులంటే వారానికి దాదాపు ఎనిమిది. పూర్తికాలం అసిస్టెంట్ ప్రొఫెసరు చెప్పాల్సిన పదహారులో ఇంచుమించు సగం. ఎనిమిది దాటి చెబితే ఆ పాఠం ఉచితం, దాటకుండా చూడాలంటే ఒక పోస్టును ఇద్దరికి చీల్చాలి. గరిష్ఠ పరిమితి అని పేరు పెట్టిన ఆ ఒక్క అంకె వల్లే పూర్తి మనిషి పనిని అరమనిషికి కుదించడం రివాజైంది.

ఈ రేటు యూజీసీ చెప్పింది. రాష్ట్రాల ఖజానాల దగ్గరికి వచ్చేసరికి రేటు ఇంకా దిగుతుంది. తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో గెస్టు లెక్చరర్లకు పీరియడుకు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్ల పరిమితి. అంటే అన్నీ చెబితే 28,080. నెలకు డెబ్బై రెండు అంటే వారానికి పద్దెనిమిది. విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసరు బోధన గంటలకన్నా రెండెక్కువ. ఇంటర్ కళాశాల వేరు, విశ్వవిద్యాలయం వేరు, నిజమే. గంటల కొలబద్ద ఒక్కటే, దాన్ని పట్టుకున్న చేతిని బట్టి పొడవు మారుతోందన్నది ఇక్కడ చూడాల్సిన విషయం.

మరి ఒక క్లాసు గంట నిజంగా ఎంత పొడవు? దీనికి జవాబు వెతకడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. యూజీసీయే చెప్పింది. నలభై గంటల పనిలో పదహారు గంటల బోధన అన్నప్పుడు, ఒక గంట పాఠం వెనక మొత్తం రెండున్నర గంటల పని ఉందని ఒప్పుకున్నట్టే. పరిశోధన, పరిపాలన పనులు కూడా ఆ నలభైలోనే ఉన్నాయనుకున్నా, పాఠం తయారీ, మూల్యాంకనం, విద్యార్థి వచ్చి సందేహం అడిగితే కూర్చోబెట్టి చెప్పడం అందులో పెద్ద వాటా. పర్మనెంట్ అధ్యాపకుడి దగ్గర రెండున్నర గంటలుగా ఒప్పుకున్న పనిని గెస్టు దగ్గరికి వచ్చేసరికి ఒక గంటగా కొలవడంలోనే అసలు అన్యాయం ఉంది. పదిహేను వందల్ని రెండున్నరతో భాగిస్తే గంటకు ఆరు వందలు. 390ని భాగిస్తే 156.

అమెరికాలో ఇదే చిక్కు పన్నుల శాఖ ముందుకు వచ్చింది. ఆరోగ్య బీమా చట్టం కింద వారానికి ముప్పై గంటలు పనిచేసేవాళ్లకు యజమాని బీమా ఇవ్వాలి. అడ్జంక్ట్ అనే గంటల అధ్యాపకులకు క్లాసు గంటల్నే లెక్కిస్తే ఎవరికీ ముప్పై రావు. 2014లో ఆ శాఖ ఖరారు చేసిన నిబంధనలో, కళాశాలలు అనుసరించదగ్గ పద్ధతిగా ఒక సూత్రం పెట్టింది. క్లాసులో ఒక గంటకు తయారీ, దిద్దుబాటు కింద మరో గంటంపావు కలిపి రెండుంపావు గంటల పనిగా లెక్కేయాలి. విద్యార్థులను కలవడానికి కేటాయించిన గంటలు, తప్పనిసరి సమావేశాలు అదనం. పదహారును రెండుంపావుతో హెచ్చిస్తే ముప్పై ఆరు. మన నలభైకి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఒకరినొకరు చూసి రాసుకోకుండానే రెండు దేశాల కాగితాలు ఇంచుమించు ఒకే చోటికి వచ్చాయి.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం దీన్ని తలకిందులుగా చేసి దెబ్బతింది. అక్కడ క్యాజువల్ అధ్యాపకులు విద్యార్థుల వ్యాసాలు దిద్దడానికి, గంటకు నాలుగు వేల పదాల చొప్పున చదివేయాలని కొలతలు పెట్టారు. పట్టిన సమయానికి కాక, ఆ కొలతకు డబ్బిచ్చారు. ఈ దిద్దుబాటు బకాయిలతో మొదలైన విచారణ మిగతా విభాగాలకూ పాకింది. 2024 డిసెంబరులో ఆ దేశపు ఉపాధి నియంత్రణ సంస్థతో కుదిరిన ఒప్పందం ప్రకారం 25 వేల మందికి పైగా సిబ్బందికి 7 కోట్ల 20 లక్షల డాలర్లు వెనక్కిచ్చే లెక్క తేలింది. దిద్దడం కూడా పనేనని అక్కడ ఒప్పుకున్నారు గనకనే బకాయి అన్న మాట పుట్టింది. మన దగ్గర దిద్దుబాటుకు సమయమే కేటాయించలేదు కాబట్టి బకాయి లేదన్నమాట.

దూరదేశాలు అక్కర్లేదు. ఈ రెండు జిల్లాల పల్లెల్లో ఇంటింటికీ తెలిసిన ఉపాధి హామీ పనినే తీసుకుందాం. 2005 నాటి ఆ చట్టం చెరువు తవ్వే మనిషికి కూలి కొలిచినప్పుడు గంటసేపు విశ్రాంతిని కూడా పనివేళలోనే కలిపింది. ఊరికి ఐదు కిలోమీటర్లు దాటి పని చూపిస్తే దారి ఖర్చుల కింద పది శాతం కూలి ఎక్కువ ఇవ్వాలంది. తట్ట దించి తాటిచెట్టు నీడన కూర్చున్న పావుగంట కూడా పనిలో భాగమేనని, మట్టి మోసిన ఒళ్లు తెలిసిన వాళ్లెవరో ఆ నిబంధన రాసి ఉంటారు. పీహెచ్‌డీ పట్టా చేతబట్టుకుని నరసన్నపేట నుంచో బొబ్బిలి నుంచో వచ్చి, రెండు క్లాసుల మధ్య మూడు గంటలు ఖాళీ కుర్చీ కోసం వెతుక్కునే అధ్యాపకురాలికి ఆ పాటి కొలత కూడా లేదు. ఆమె వేసవి సెలవుల్లో నిరుద్యోగి. పరీక్షల నెలలో సగం నిరుద్యోగి. గర్భవతి అయితే ఆ సెమిస్టరు పొడుగునా గంటలు సున్నా. గెస్టులకు సెలవులు, భత్యాలు, పింఛను, గ్రాట్యుటీ వర్తించవని 2019 మార్గదర్శకాలు విడమరచి చెప్పాయి.

తుపానులు ఈ తీరానికి కొత్తవి కావు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో బడులూ కళాశాలలూ మూతపడతాయి. పర్మనెంట్ ఉద్యోగి జీతానికి తుపాను అడ్డురాదు, రాకూడదు కూడా. గంటల లెక్కలో మాత్రం జరగని క్లాసుకు బిల్లు లేదు. ఇల్లు ఎగిరిపోయిన నెలలోనే ఆదాయమూ ఎగిరిపోతుంది. 2020 మార్చి తర్వాత కరోనా మూసివేతల్లో ఈ సంగతి తుపాను చూడని జిల్లాలకూ తెలిసొచ్చింది.

ప్రాక్టికల్స్ గురించి వేరే చెప్పుకోవాలి. ప్రయోగశాలలో రెండు గంటలు గడిపితే అది ఒక గంట బోధనగా లెక్కా, రెండు గంటలుగానా? ఇలాంటి కొలత కాస్త కదిలినా ఏమవుతుందో చూడండి. 2016 మేలో యూజీసీ ఒక సవరణ తెచ్చింది. అసిస్టెంట్ ప్రొఫెసర్లకు పదహారును పద్దెనిమిదికి పెంచి, పైన ఆరు గంటల ట్యుటోరియల్స్ కలిపింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులు మూల్యాంకనం బహిష్కరించి వీధిలోకి వచ్చారు. వాళ్ల భయం తమ శ్రమ పెరుగుతుందని మాత్రమే కాదు. భాజకం పెరిగితే భాగఫలం తగ్గుతుంది, అంటే మంజూరు పోస్టులు మాయమై అడ్‌హాక్ వాళ్లు వేలల్లో ఇళ్లకు పోవాల్సి వస్తుందని. కొద్ది వారాల్లోనే యూజీసీ వెనక్కి తగ్గి పాత గంటల్ని మళ్లీ తెచ్చింది. ఆ పోరాటం ఢిల్లీలో జరిగింది గనక పత్రికలకెక్కింది. చిన్న విశ్వవిద్యాలయాల్లో అదే పని సద్దుచేయకుండా జరిగిపోతుంది. రెండు సెక్షన్లు కలిపేస్తే చాలు, ఇరవై గంటలు పది అవుతాయి. ఒక ఐచ్ఛిక పేపరు ఎత్తేస్తే ఒక గెస్టు కొలువు ఊడుతుంది. 2023-24 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు సింగిల్ మేజర్ పద్ధతికి మారింది. మూడు సబ్జెక్టుల పాత కూర్పు పోవడంతో ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటలన్న లెక్క మొదటినుంచీ వేసుకోవాల్సి వచ్చింది. పిల్లలు ఎంచుకోని సబ్జెక్టులో గంటలు కరిగితే ముందు కరిగేది ఎవరో చెప్పక్కర్లేదు.

గంటల లెక్క పుట్టుకలో దురుద్దేశం లేదని కూడా ఇక్కడే అనాలి. విజయనగరం కోర్టులో వాదించే న్యాయవాది వారానికి రెండుసార్లు వచ్చి లా విద్యార్థులకు పాఠం చెబితే, ఆడిటర్ వచ్చి కామర్స్ వాళ్లకు జీఎస్టీ చెబితే గంటకు ఇంత అని ఇవ్వడం సబబే. వాళ్లకు వేరే జీవనాధారం ఉంది, పాఠం వాళ్లకు గౌరవం. అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడు. వారంలో ఐదు రోజులూ వచ్చి, పదేళ్లుగా అదే విభాగంలో అదే పేపరు చెబుతూ, విద్యార్థుల ప్రాజెక్టులు దిద్దుతూ, న్యాక్ బృందం వచ్చినప్పుడు రాత్రి దాకా ఫైళ్లు సర్దే మనిషికి ఆ పేరు నప్పదు. అతిథి కోసం చేసిన కొలతను ఇంటి మనిషికి తొడిగారు.

విశ్వవిద్యాలయాల ఖజానా గోడూ నిజమే. రాష్ట్రం ఇచ్చే బ్లాక్ గ్రాంటు పర్మనెంట్ వాళ్ల జీతాలకూ పింఛన్లకూ చాలక, గెస్టుల బిల్లుల్ని ఫీజుల ఆదాయంలోంచి చెల్లించాల్సిన పరిస్థితి చాలాచోట్ల ఉంది. ఎచ్చెర్లలాంటి చోట ఆ ఫీజులు కట్టేది రైతుకూలీల పిల్లలు, మత్స్యకారుల పిల్లలు. వాళ్ల మీద భారం పెంచి అధ్యాపకుడి లోటు పూడ్చమని ఎవరూ అనలేరు. కాబట్టి ఇది రిజిస్ట్రార్ల మనసు మంచిదా కాదా అన్న సంగతి కాదు. అమరావతిలో పోస్టులు మంజూరు చేసి నింపని ప్రభుత్వాలు, పార్టీ ఏదైనా, దీనికి బాధ్యులు.

కోర్టులు మెల్లగానే అయినా ఒక దారి పట్టాయి. 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని తేల్చింది. 2022లో మధ్యప్రదేశ్ గెస్టు అధ్యాపకుల కేసులో ఒక తాత్కాలిక అధ్యాపకుణ్ని తీసేసి మరో తాత్కాలిక అధ్యాపకుణ్ని పెట్టడం కుదరదని చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో ఇంకా గట్టిగా మాట్లాడింది. అదే పని చేసే రెగ్యులర్ వాళ్లకు లక్షకు పైగా ఇస్తూ వీళ్లకు ముప్పై వేలు చేతిలో పెట్టారు. గురువును బ్రహ్మ, విష్ణువు అని సభల్లో శ్లోకం చదివితే సరిపోదని మందలించి, అసిస్టెంట్ ప్రొఫెసర్ కనీస వేతన స్కేలు ఇవ్వాలంది. యూజీసీ 2018 నిబంధనల్లోనూ కాంట్రాక్టు నియామకాలు పది శాతం మించకూడదనీ, వాళ్ల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం జీతానికి తగ్గకూడదనీ ఉంది. ఇన్ని తీర్పులు, నిబంధనలు ఉన్నా గంటల అధ్యాపకుడి దాకా అవి రావడం లేదు. ఎందుకంటే ఈ రక్షణల్లో చాలావరకు నెల జీతం తీసుకునే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. గంటల మనిషికి నెల అనేదే లేదు. ‘సమాన పని’ అనాలంటే పని మొత్తం కాగితం మీద కనిపించాలి, అతని పనిలో సగానికి పైగా కాగితం మీదికి ఎక్కనే లేదు.

శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడు. తర్వాత కళాశాల తరగతులకూ చెప్పారు. సవరల భాష నేర్చుకోవడం ఆయన ఉద్యోగంలో భాగం కాదు. భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, బడి అయ్యాక కూర్చుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు బళ్లు పెట్టి సొంత డబ్బు ఖర్చు చేశారు. ముఖలింగం శాసనాలు చదివారు. సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ ఆ గంటల్లోంచే వచ్చాయి. నెలనెలా జీతం వస్తుందన్న నిశ్చింత ఉంది కాబట్టి సాయంత్రాలు ఆయనవి అయ్యాయి. ఈవేళ గిరిజన విశ్వవిద్యాలయం పెట్టుకున్న నేల మీద, సవర, జాతాపు పిల్లల మధ్య పాఠం చెప్పే యువ అధ్యాపకుడికి ఆ సాయంత్రాలు ఉండాలి. ఆరింటి నుంచి ట్యూటోరియల్ సెంటర్‌లో ఈఏపీసెట్ క్లాసు చెబితే తప్ప ఇంటి అద్దె గడవని వాడు ఏ భాష నేర్చుకుంటాడు, ఏ శాసనం చదువుతాడు?

చేయగలిగినవి ఉన్నాయి. పోస్టుల భర్తీ మొదటిది, దానికి ప్రత్యామ్నాయం లేదు. అది జరిగేలోపు గంటల లెక్కను వాటా లెక్కగా మార్చవచ్చు. వారానికి పదహారు గంటలు పూర్తి పోస్టయితే ఎనిమిది గంటలు సగం పోస్టు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూలవేతనం 57,700. అందులో సగం 28,850, దాని మీద కరువు భత్యం, పన్నెండు నెలలకూ. యూజీసీ గరిష్ఠ పరిమితి యాభై వేలతో పోలిస్తే నెలకు ఇది తక్కువే కదా అనవచ్చు. ఆ యాభై వేలు పాఠాలు జరిగే ఏడెనిమిది నెలలకే, అదీ ఒక్క క్లాసూ తప్పకుండా జరిగితేనే. పైగా రాష్ట్రాలు చాలాచోట్ల ఆ రేటు దరిదాపుల్లోకి కూడా రావడం లేదు. వాటా జీతంలో తుపాను నెల ఉంటుంది, మే నెల ఉంటుంది, ప్రసూతి సెలవు ఉంటుంది. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ, అధ్యాపకుల సంఘంతో సుదీర్ఘంగా చర్చలు జరిపి, 2022లో దాదాపు 4,800 మంది అసోసియేట్ లెక్చరర్లను విడివిడి ఒప్పందాల నుంచి శాశ్వత ఒప్పందాల్లోకి తెచ్చింది. వాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ పూర్తికాలం వాళ్లు కారు. కానీ వాళ్ల వాటా ఎంతో రాసి ఉంది.

ఇంకొకటి డబ్బు అక్కర్లేని పని. ప్రతి విభాగం వర్క్‌లోడ్ పట్టికను ఏటా విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఏ పేపరుకు ఎన్ని గంటలు, ఎవరు చెబుతున్నారు, ప్రాక్టికల్స్ సగం లెక్కా పూర్తి లెక్కా, ఏ సెక్షన్లు కలిపారు, మంజూరు పోస్టులెన్ని, నిండినవెన్ని. ఇప్పుడు ఆ పట్టిక విభాగాధిపతి బల్ల మీద పుట్టి రిజిస్ట్రార్ బీరువాలో నిద్రపోతుంది. గంటలు తగ్గాయని గెస్టుకు చెప్పినప్పుడు ఎందుకు తగ్గాయో చూసుకునే హక్కు అతనికి ఉండాలి. తన పిల్లకు పాఠం చెప్పే విభాగంలో నలుగురు ఉండాల్సిన చోట ఒక్కరే ఉన్నారన్న సంగతి టెక్కలి రైతుకూ తెలియాలి. ఆ పట్టికలో ఇప్పుడున్న గడులు థియరీ, ప్రాక్టికల్, మొత్తం. వాటి పక్కన తయారీకి ఒకటి, దిద్దుబాటుకు ఒకటి, విద్యార్థిని కలిసే వేళకు ఒకటి, మరో మూడు గడులు గీయడానికి ఏ చట్టసవరణా అవసరం లేదు. వచ్చే జూన్‌లో టైంటేబుల్ వేసే ముందే గీయవచ్చు.